కుట్టు జారితే అంతా విప్పక్కర్లేదు: ఊలు అల్లికలో నా అనుభవం

అనంతపురంలో స్వెట్టర్ కావాల్సి వచ్చేది ఏడాదికి రెండు నెలలు, అదీ రాత్రిపూట, తెల్లవారుజామున. అందుకే ఇక్కడ మంచి ఊలు దొరికేది కూడా కొన్నాళ్లే. దీపావళి దాటాక పాతూరు ఫ్యాన్సీ అంగళ్లలో ఉండలు కనబడతాయి, సంక్రాంతి వచ్చేసరికి లేత రంగులన్నీ అయిపోతాయి. అల్లిక నేర్చుకోవాలనే వాళ్లు ఆ చలికాలంలోనే మొదలుపెడతారు, మొదటి తప్పు దగ్గరే ఆపేస్తారు. నేను నేర్చుకునేటప్పుడూ, తర్వాత వీధిలో వాళ్లకు నేర్పేటప్పుడూ గమనించింది ఒకటే. చేతులు తిరగడం కష్టం కాదు, అవి కొన్నాళ్లకు వాటంతటవే తిరుగుతాయి. తప్పు పడినచోట ఏం జరిగిందో కంటికి తెలియకపోవడమే అసలు కష్టం. సూది మీదున్న కుట్టును చూసి ఇది ఫలానా అని గుర్తుపట్టడం వస్తే చాలావరకు తప్పుల్ని ఉన్నచోటే సరిచేయొచ్చు. ఐదేళ్ల పిల్లాడికి చేతుల్లేని స్వెట్టర్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా అల్లే క్రమంలో అవన్నీ చెబుతాను.

ముందు సరుకు. లేబుల్ మీద డీకే అని ఉండే మధ్యరకం మందం ఊలు తీసుకోండి. ఈ సైజుకు 150 గ్రాములు సరిపోతుంది, ఇంకో 50 గ్రాములు దగ్గర పెట్టుకుంటే నిశ్చింత. లేత రంగే కొనాలి. నలుపు, ముదురు నీలం రాత్రి దీపం కింద కుట్టు కనబడనివ్వవు, కనబడని కుట్టును సరిచేయడం కుదరదు. ఉండలన్నీ ఒకేసారి కొని, లేబుళ్ల మీద లాట్ నంబరు, అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలుకు ఇచ్చే నంబరు, ఒకటేనా చూసుకోవాలి. ఒకే రంగైనా లాట్ మారితే అంగట్లో తేడా తెలియదు, వీపు మీద అడ్డంగా గీతలాగా తేలుతుంది. వేరే లాటే దొరికితే రెండు వరసలు ఈ ఉండతో, రెండు ఆ ఉండతో మార్చి మార్చి అల్లితే ఆ గీత కరిగిపోతుంది.

సూదులు 4 మి.మీ.వి ఒక జత, అంచు పట్టీకి 3.25 మి.మీ.వి ఒక జత. ఇంట్లో పెద్దవాళ్ల పాత సూదుల మీద మిల్లీమీటర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. ఆ లెక్కలో 8 అంటే 4 మి.మీ., 9 అంటే 3.75, 10 అంటే 3.25. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఇది తెలియక 10 నంబరే లావనుకుని అల్లితే స్వెట్టర్ బొమ్మకు సరిపోతుంది. కొత్తవాళ్లకు నేను వెదురు సూదులే చెబుతాను. అల్యూమినియం నున్నగా ఉండి కుట్లు జారతాయి, వేసవిలో చేతికి చెమట పట్టిందంటే అదే సూది మీద ఊలు పట్టేసి కదలదు. అక్రిలిక్ ఊలుకు మా పొడిగాలి ఇంకో చిక్కు తెస్తుంది: చిటపటమంటూ చీరకు, వేళ్లకు అంటుకుంటుంది, దుమ్మునూ లాక్కుంటుంది. ఉండను మూతున్న డబ్బాలో పెట్టి, దారం మాత్రం బయటికి వదిలితే శుభ్రంగా ఉంటుంది. వీటితోపాటు కొనకు కొక్కెమున్న క్రోషె సూది ఒకటి, మొద్దు ముక్కున్న ఊలు సూది, నాలుగు పిన్నీసులు, టేపు. పిన్నీసులు తక్కువైతే పని ఆగిపోతుంది, ఎక్కువే పెట్టుకోండి.

ఆదోని పత్తికి పేరున్న సీమలో నూలుదారంతో ఎందుకు మొదలుపెట్టకూడదని చాలామంది అడుగుతారు. నూలుకు సాగి మళ్లీ దగ్గరయ్యే గుణం తక్కువ. అంచు పట్టీ నాలుగుసార్లు తొడిగేసరికి వదులైపోతుంది, బిగువులో చిన్న తేడా ఉన్నా కుట్టు కుట్టుకూ కనబడుతుంది. చేయి కుదిరాక ఎండాకాలం పిల్లల చొక్కాలకు అంతకన్నా మంచిది లేదు. మొదటి పనికి మాత్రం వద్దు.

ఇప్పుడు కుట్టు సంగతి. ఉన్నవి రెండే కుట్లు, నిట్, పర్ల్. మా వీధిలో ఎక్కువమంది సీదా, ఉల్టా అంటారు. నిట్‌కు దారం సూదుల వెనక ఉంటుంది. కుడి సూది ఎడమ సూది మీది ఉచ్చులోకి ముందు నుంచి వెనక్కి దూరుతుంది, దారాన్ని చుట్టుకుని ముందుకు లాక్కొస్తుంది. పర్ల్‌కు దారం ముందుంటుంది, సూది కుడి నుంచి ఎడమకు ఉచ్చు ముందువైపు దూరుతుంది. రెండింటిలోనూ దారం కుడి సూది మొనకు గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలి. ఈ చివరి మాట బాగా గుర్తుంచుకోండి, వంకర కుట్ల సంగతి దీని దగ్గరే తేలుతుంది.

సూది మీద కూర్చున్న ప్రతి ఉచ్చుకూ రెండు కాళ్లుంటాయి. కుడి కాలు సూదికి ముందు, ఎడమ కాలు వెనక ఉంటే ఆ కుట్టు సరిగా ఉన్నట్టు. తిరగబడి ఎడమ కాలు ముందుకొచ్చిన కుట్టును మామూలుగా అల్లితే మెలిపడి అడుగున కాళ్లు అడ్డంగా దాటుకుంటాయి, బట్టలో ఆ ఒక్క నిలువు వరస బిగుసుకుని సన్నగా కనిపిస్తుంది. అలాంటిది ఎదురైతే వెనక కాలులోంచి అల్లండి, మెలి పోతుంది. ఒక్కోచోట ఎక్కడో ఒకటి తిరగబడితే అది జారిన కుట్టును మళ్లీ ఎక్కించేటప్పుడు పడింది. పర్ల్ వరస తర్వాత అన్నీ తిరగబడి ఉంటే మాత్రం పర్ల్‌లో దారం అడ్డదిశలో తిరుగుతోందని అర్థం. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఎడమచేతి వేళ్లకు దారం చుట్టుకుని అల్లేవాళ్లకు ఇది ఎక్కువ, వాళ్లకు ఆ దిశే దగ్గర దారి. అలవాటు మానలేకపోతే మానక్కర్లేదు, తర్వాతి నిట్ వరసంతా వెనక కాలులోంచి అల్లితే బట్ట చక్కగా వస్తుంది.

ఎన్ని కుట్లు వేయాలో నమూనా ముక్క చెబుతుంది. దీన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. 15 సెం.మీ. చదరపు ముక్క, ఒక వరస నిట్, ఒక వరస పర్ల్‌గా అల్లి, తడిపి ఆరబెట్టి, నడిమి 10 సెం.మీ.లో కుట్లు లెక్కపెట్టాలి. అంచుల దగ్గర కొలవకూడదు, అక్కడ కుట్లు లాగుకుని ఉంటాయి. ఈ ఊలుకు 4 మి.మీ. సూదితో 22 కుట్లు రావాలి. పిల్లాడి ఛాతీ 58 సెం.మీ. అనుకుందాం, లోపల చొక్కా ఉంటుంది కాబట్టి 6 నుంచి 7 సెం.మీ. వదులు. ముందు భాగానికి, వెనక భాగానికి చెరి 74 కుట్లు. అందులో రెండు కుట్లు పక్కల అతుకులో పోతాయి, మిగిలిన 72 కుట్లు 22 లెక్కన దాదాపు 33 సెం.మీ. అవుతాయి, రెండు ముక్కలూ కలిపి 65. చేయి బిగువైనవాళ్లకు అదే 10 సెం.మీ.లో 24 కుట్లు పడతాయి. అప్పుడు 72 కుట్లకు 30 సెం.మీ.యే, చుట్టుకొలత 60. రెండు కుట్ల తేడాకు 5 సెం.మీ. పోయింది, వదులు చాలావరకు అందులోనే పోయినట్టు. 24 వస్తే ఒక సైజు లావు సూదికి మారండి, 20 వస్తే ఒక సైజు సన్న సూదికి. దారాన్ని కావాలని వదులుగానో బిగువుగానో పట్టుకుని సరిపెట్టాలనుకోవద్దు, పది వరసలకు చేయి పాత తీరుకే వస్తుంది.

అల్లిక మొదలుపెట్టడానికి సూది మీద కుట్లు ఎక్కించేటప్పుడు తోక దారం, అంటే ఉండ దారపు కొసన వదిలే ముక్క, అల్లే వెడల్పుకు మూడింతలు వదలాలి. 74 కుట్లకు మీటరు, పైన 20 సెం.మీ. మొదటి వరస బిగుసుకుపోయి సూది దూరకపోవడం అందరికీ వచ్చే బాధ. లావు సూది మీద ఎక్కిస్తే తీరుతుందని చెబుతారు, సగమే తీరుతుంది. బిగువు ఉచ్చులో కాదు, ఉచ్చుకూ ఉచ్చుకూ మధ్య నడిచే దారంలో ఉంటుంది. ఒక్కొక్క కుట్టు ఎక్కించాక పక్కదానికి ఆనించకుండా సన్నపాటి ఎడం వదలండి, అంచు సాగుతుంది.

"అక్కా, నలభై ఎక్కిస్తే యాభై ఎట్లయినాయి?" ఇది నేను ఎక్కువగా విన్న ప్రశ్న. జవాబు దాదాపు ఎప్పుడూ వరస మొదట్లోనే ఉంటుంది. సూదులు చేతులు మార్చి కొత్త వరస మొదలుపెట్టేటప్పుడు దారాన్ని సూది పైనుంచి వెనక్కి లాగారనుకోండి, మొదటి కుట్టు పైకి లేచి, కింది వరసలోని దాని రెండు కాళ్లూ సూదికి అటూ ఇటూ విడివిడిగా నిలబడతాయి. చూడ్డానికి రెండు కుట్లు. రెండింటినీ అల్లేస్తారు. వరసకొకటి చొప్పున పెరుగుతూ ముక్క పైకి వెడల్పవుతుంది. దారాన్ని సూది కింది నుంచి వెనక్కి తీసుకెళ్లి, మొదటి కుట్టును వేలితో కాస్త కిందికి లాగి చూడండి, ఒక్కటే ఉచ్చు కనబడాలి. కుట్లు నడిమిలో పెరిగితే కారణం వేరు. నిట్ నుంచి పర్ల్‌కు మారేటప్పుడు దారం సూదుల మధ్య నుంచి ముందుకు రాకుండా సూది మీదుగా వచ్చింది, అక్కడ ఉత్త చుట్టు ఒకటి పడింది. తర్వాతి వరసలో అడుగున కుట్టు లేని చుట్టు ఎదురైతే సూది మీంచి జార్చేయండి, ఆ కాస్త దారం అటూ ఇటూ కుట్లలో సర్దుకుంటుంది. అల్లేసి ఉంటే అక్కడ కన్నం ఉంటుంది. మూడు నాలుగు వరసల్లోపైతే ఆ కుట్టునే చుట్టు దాకా జార్చి వదిలేసి, పక్క కుట్లను సూది మొనతో సర్దితే చాలు.

అంచు పట్టీ సన్న సూదితో 5 సెం.మీ.: రెండు నిట్, రెండు పర్ల్, చివర రెండు నిట్. వెనక్కి తిరిగాక లెక్క పెట్టక్కర్లేదు. సూది కింద వీ అక్షరంలా కనబడితే నిట్, అడ్డంగా బొడిపె కనబడితే పర్ల్. లెక్కను నమ్ముకున్నవాళ్లకు ఫోన్ మోగితే పట్టీ చెదిరిపోతుంది, కుట్టును చూసి అల్లేవాళ్లకు చెదరదు. వరస నడిమిలో లేవాల్సి వస్తే తిరిగి కూర్చున్నాక ఒకటే గుర్తు: ఉండ నుంచి వచ్చే దారం కుడి చేతి సూదికి వేలాడాలి. తిరగేసి పట్టుకుని అల్లితే ఒకవైపు రెండు వరసలు ఎక్కువై, మలుపు దగ్గర కన్నం పడుతుంది. పట్టీ పైన లావు సూదికి మారి ఒక వరస నిట్, ఒక వరస పర్ల్. ఈ అల్లిక పక్కల్లో వెనక్కి ముడుచుకుంటుంది. అది తప్పు కాదు, దాని స్వభావమే. పక్కలు కుట్టాక ఆ ముడత కనబడదు.

జారిన కుట్టు. ధర్మవరం మగ్గం మీద పడుగు, పేక అని రెండు దారాలు ఒకదాన్నొకటి దాటుతాయి. అల్లికలో ఉన్నది ఒకే దారం, ప్రతి ఉచ్చూ తన కింది ఉచ్చులోంచి పైకి వచ్చిందే. అందుకే ఒకటి జారితే కిందికి జారుకుంటూ పోతుంది, అందుకే మళ్లీ పైకి ఎక్కించడమూ కుదురుతుంది. కుట్టు జారింది అనగానే సూదుల్ని లాగకండి. ముందు జారిన ఉచ్చుకు పిన్నీసు పెట్టండి, ఇక అది ఎక్కడికీ పోదు. తర్వాత దీపం కిందికి తెచ్చి, నిట్ వైపు మీకు కనబడేలా పట్టుకుని చూడండి. పిన్నీసు పైన, సూది దాకా, అడ్డంగా దారాలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. ఒక మెట్టుకు ఒక వరస. క్రోషె సూదిని ఉచ్చులోకి ముందు నుంచి వెనక్కి దూర్చండి, పిన్నీసు తీసేయండి. అన్నింటికన్నా కింది మెట్టు ఉచ్చు వెనకే ఉండాలి, దాన్ని కొక్కేనికి తగిలించి ఉచ్చులోంచి ముందుకు లాగండి. ఇప్పుడు కొక్కెం మీద కొత్త ఉచ్చు, దాని వెనక తర్వాతి మెట్టు. అన్నీ అయ్యాక కుడి కాలు ముందుండేలా ఎడమ సూది మీద పెట్టండి. మెట్లను వరసలోనే పట్టుకోవాలి. ఒకటి వదిలితే వెనక తేలిపోయి నిలుస్తుంది, ఇంకో కుట్టు ఎక్కించినా అది పోదు. ఎక్కించిన నిలువు వరస మొదట కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది, పక్క కుట్లను అడ్డంగా లాగి సర్దితే, ఒకసారి తడిపితే కలిసిపోతుంది.

పర్ల్ వైపు జారినా ముక్కను తిప్పి నిట్ వైపు నుంచే ఎక్కించండి, అదే సులువు. అన్ని వరసలూ నిట్‌తోనే అల్లిన మఫ్లర్‌కు మాత్రం ఒక మెట్టు ముందు నుంచి, ఒక మెట్టు వెనక నుంచి, మార్చి మార్చి ఎక్కించాలి. ఒక్కచోట ఇది పనిచేయదు: కుట్టు జారి చాలా వరసలైంది, అది లేకుండానే పైన అల్లేశారు, మెట్లు లేవు. అక్కడ పక్క కుట్ల దారమే లాక్కొచ్చి ఎక్కించాల్సి వస్తుంది, ఆ చోటు ముడుచుకుని ఉబ్బుతుంది. అప్పుడు అక్కడిదాకా విప్పడమే మంచిది.

ఇదే పద్ధతి ఇంకో తప్పుకూ మందు. పది వరసల కింద నిట్ ఉండాల్సినచోట పర్ల్ పడి బొడిపె కనబడితే పది వరసలూ విప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ నిలువు వరసకు పైన సూది మీదున్న ఒక్క కుట్టునే కావాలని జార్చి, తప్పున్న చోటుకు దిగి, క్రోషె సూదితో సరిగా ఎక్కించుకుంటూ రావడమే. మొదటిసారి చేతులు వణుకుతాయి. నమూనా ముక్క మీద ఒకసారి చేసి చూసినవాళ్లకు భయం పోతుంది. అందుకే నేను నేర్పేటప్పుడు నమూనా ముక్క మీద కుట్టు జార్చడం, ఎక్కించడం అయ్యాకే స్వెట్టర్ మొదలుపెట్టిస్తాను. నా అనుభవంలో ఈ ఒక్కటి వచ్చినవాళ్లు అల్లిక మానరు.

విప్పక తప్పనిది కూడా ఉంటుంది. అదే వరసలో ఐదారు కుట్లే అయితే ఎడమ సూదిని కింది ఉచ్చులోకి ముందు నుంచి దూర్చి దారం లాగుతూ ఒక్కొక్కటే వెనక్కి రావాలి. చాలా వరసలైతే, ఎక్కడిదాకా విప్పాలో ఆ వరస కుడి కాళ్లన్నిట్లోకీ 2.75 మి.మీ. సూదిని దూర్చుకుంటూ పోయి, 74 లెక్క సరిచూసుకుని, అప్పుడు పైది లాగండి. సూది దగ్గరికి వచ్చి అదే ఆగుతుంది. చేతి సందులు మొదలయ్యే ముందు నేను ఎప్పుడూ ఊలు సూదితో ఒక వరస కుట్లన్నిట్లోంచి వేరే రంగు నున్నని నూలుదారం దూర్చి ఉంచుతాను. ఆ పైన ఏం చెడినా ఆ దారం దాకా విప్పితే చాలు. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. అలాగే అల్లితే కుట్లు సమంగా రావు. కుర్చీ వీపుకు చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచి, నీడన వేలాడదీస్తే సాపవుతుంది.

తప్పేమీ లేకున్నా బట్టలో అడ్డంగా రెండేసి వరసలకు గాడి పడినట్టుంటే పర్ల్ వరస నిట్ కన్నా వదులుగా పడుతోందని అర్థం. చాలామందికి అంతే. పర్ల్ వరసకు మాత్రం ఒక సైజు సన్న సూది వాడండి, అంటే ఒక చేతిలో 4, ఇంకో చేతిలో 3.75. వెంటనే తేడా తెలుస్తుంది. కొత్త ఉండ వరస మొదట్లోనే కలపాలి, నడిమిలో ముడి వేయొద్దు. ఉండ చివరికి వచ్చినప్పుడు మిగిలిన దారం వెడల్పుకు నాలుగింతలుంటే ఇంకో వరస ధైర్యంగా అల్లొచ్చు.

చేతి సందుకు రెండు వైపులా నాలుగేసి కుట్లు మూసి (అంటే అల్లిన కుట్టును పక్కదాని మీంచి దాటించి సూది నుంచి దించి), తర్వాత ప్రతి నిట్ వరసకూ రెండు చివర్లా ఒక్కొక్కటి చొప్పున ఐదుసార్లు తగ్గిస్తే 56 మిగులుతాయి. రెండు కుట్లు కలిపి నిట్ చేస్తే ఆ కుట్టు కుడికి వాలుతుంది. ఇది వరస చివర్లో. మొదట్లో ఎడమకు వాలాలి: రెండు కుట్లను ఒక్కొక్కటిగా నిట్ చేస్తున్నట్టే కుడి సూదికి జరిపి, ఎడమ సూదిని వాటి ముందు నుంచి దూర్చి కలిపి అల్లాలి. రెండు చివర్లా ఒకే రకం వాడితే ఒకవైపు నున్నగా, ఒకవైపు మెట్లు మెట్లుగా ఉంటుంది. చాలా స్వెట్టర్లలో మెడ వంకరగా కనిపించడానికి కారణం ఇదే. అంచు నుంచి ఒక కుట్టు వదిలి తగ్గిస్తే కుట్టడం కూడా సులువు.

మెడ పట్టీకి నిలువు అంచు నుంచి కొత్త కుట్లు సూది మీదికి ఎత్తేటప్పుడు నాలుగు వరసలకు మూడు కుట్లు ఎత్తండి. వరసకొకటి ఎత్తితే పట్టీ అలలు తేలుతుంది, రెండింటికొకటి ఎత్తితే లాగేస్తుంది. మూలల్లో కన్నం వస్తుంది. అక్కడ ఒక కుట్టు ఎక్కువ ఎత్తి, వెనక కాలులోంచి అల్లి, తర్వాతి వరసలో పక్కదానితో కలిపేయాలి. చివరన కుట్లు మూయడం 4.5 మి.మీ. సూదితో, నిట్ మీద నిట్, పర్ల్ మీద పర్ల్‌గానే. ఐదేళ్ల పిల్లాడి తల చుట్టుకొలత 50 సెం.మీ. పైనే ఉంటుంది, మెడ అంతవరకు సాగకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా తొడగలేం. దారం తెంచకుండా, చివరి ఉచ్చును పిన్నీసుకు పెట్టి, ఒకసారి తలకు తొడిగి చూడండి. బిగువుగా ఉంటే ఒక్క వరస విప్పి మళ్లీ మూస్తే సరి.

భుజాలు, తర్వాత పక్కలు. పక్కలు నిట్ వైపు పైకి పెట్టి, మొదటి కుట్టుకూ రెండో కుట్టుకూ మధ్యనున్న అడ్డదారాన్ని ఈ ముక్కలో ఒకటి, ఆ ముక్కలో ఒకటి పట్టుకుంటూ పోయి రెండు అంగుళాలకోసారి దారం లాగితే అతుకు కనబడదు. దారం తోకలు కనీసం 15 సెం.మీ. వదిలి ఉండాలి. అక్రిలిక్ నున్నన కాబట్టి ఒకవైపు 5 సెం.మీ. దూర్చాక వెనక్కి తిప్పి మళ్లీ కాస్త దూర్చండి, లేకపోతే రెండు ఉతుకులకు బయటికొస్తుంది. ఇస్త్రీపెట్టె మాత్రం తగలనివ్వొద్దు. వేడికి అక్రిలిక్ సాగే గుణం పోయి వాలిపోతుంది, ఇక దేనితోనూ తిరిగి రాదు. నీళ్లు చిలకరించి, టవల్ మీద కొలతకు పరిచి, నీడన ఆరనివ్వండి. ఉతికినప్పుడు కూడా తీగ మీద వేలాడదీయొద్దు, తడి బరువుకు భుజాలు సాగుతాయి. మిగిలిన ఊలును లేబుల్‌తో సహా దాచండి, మెడకో అంచుకో రాపిడి పడినప్పుడు అదే లాట్ దారం మళ్లీ దొరకదు.